పోటు లెక్క తెలిసిన మా వదిన

సత్యవేడు నుంచి సోమవారం కార్డు వచ్చింది. మా వారి అక్క, నాకు వదిన, నిద్రలోనే పోయిందట. కిందటి వేసవిలో చిన్న తమ్ముడింటికి వెళ్లేదాకా ఆమె పద్దెనిమిదేళ్లు వడమాలపేటలో మాతోనే ఉంది.

ఊరికి బయలుదేరేవాళ్లను "ఒక ముద్ద తినిపో" అని ఆమె ఎన్నడూ అనలేదు. పొయ్యి మీద అన్నం ఉడుకుతున్నా సరే, "పోతావుండావా, పో పో" అని వంటింట్లోంచే అనేది. "అన్నం పెట్టాల్సొస్తాదని తరుముతాదప్పా మీ యక్క" అని ఒక చుట్టం మా వారి మొహం మీదే అన్నాడు. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను.

యుద్ధం మొదలైన ఏడాది తిరుమల కొండ ఎక్కుతున్నాం. మా వారు ముందు, నేను నడుమ, వదిన వెనక. పొద్దెక్కినా చంద్రుడు తెల్లగా కనిపిస్తున్నాడు. మేమిద్దరం మెట్ల మీద కూర్చున్నప్పుడు ఆమె కాపురం చేసిన పులికాటు మాట వచ్చింది. అక్కడ సముద్రపు నీళ్లు ఎక్కితే పోటు, తీస్తే ఆటు. చంద్రుడు లాగడం వల్లే నీళ్లు ఎక్కుతాయని చెప్పింది.

"చంద్రుడు నెత్తిమీదికి వచ్చేది దినానికి ఒకసారే గదా వదినా, పోటు రెండుసార్లు ఎందుకు?"

"సూడు మే. మా తమ్ముడు ఉరుకుతా ముందుకు పోయినాడు. నేను నీకంటే యెనకబడినాను. నీకు అటూ ఎడమే, ఇటూ ఎడమే గదా? అట్లనే చంద్రుడు దగ్గరుండే నీళ్లను గట్టిగా లాగుతాడు, నడుమ భూమిని కొంచెం తక్కువ, అవతలి నీళ్లను ఇంకా తక్కువ. అందుకే రెండు పక్కలా నీళ్లు ఉబ్బుతాయి. అమావాస్యకు సూర్యుడూ సాయం పడతాడు."

"ఇదంతా నీకెవరు చెప్పినారు?"

"ఆ ఊరి బడిపంతుల్ని అడిగి అడిగి నేర్చుకున్నా. పోటు దినానికి రెండు గడియలు ఆలస్యంగా వస్తాది. ఆ లెక్కతో యెనక్కి పోయి సూసుకున్నా, మీ అన్న పోయిన దినందాకా."

అన్నయ్య, అంటే వదిన భర్త, ఉప్పుమళ్లలో పనిచేసేవాడు. పనికి పోతూ పాయ దాటుతుండగా అమావాస్య పోటుకు చిక్కి మునిగిపోయాడని మాత్రమే నాకు తెలుసు.

"పోతా ఉంటే గంజి తాగి పొమ్మని నిలబెట్టినా మే. అది కాగేదానికి అరగంట."

"లెక్క తేలిందా?"

"తేలింది. ముందే పోయింటే మోకాటి లోతే." లేచి మెట్టెక్కింది. "రెండో లోటా ఆయనే అడిగినాడు" అంటూ కొంచెం నవ్వింది.

నీ తప్పు కాదు అనబోయి ఆగాను. ఆ మాట ఆమె ఎంతమంది నోట విన్నదో.

కొండ దిగి వచ్చాక, ఎవరైనా ప్రయాణమైతే గంట ముందే పొయ్యి వెలిగించడం పెట్టుకున్నాను. ఎందుకని వదిన అడగలేదు. అన్నం పొట్లం కట్టే పని మాత్రం తనే తీసుకుంది. విధవరాలు ఎదురు రాకూడదంటారని, ఆ వేడి పొట్లం కొంగులో పట్టుకుని, పోయేవాళ్ల వెనకాలే వడివడిగా నడుస్తూ, వాళ్లు ఆగకుండానే చేతిలో పెట్టేది.