కారుకి తలంటు

విజయనగరంలో కారు సర్వీసింగుకి ఇచ్చి పక్కనే నిలబడ్డాను. పాత ఇంజనాయిలు నల్లగా డబ్బాలోకి జారుతుంటే, ఆ వాసన నన్ను బొబ్బిలిలో మా మావ వాకిట్లోకి లాక్కుపోయింది.

మావ అద్దెకి అంబాసిడర్ తిప్పేవాడు. నా చిన్నప్పుడు ఓ శనివారం, "రేపు మన కారుకి తలంటు" అన్నాడు. నేను నిజమే అనుకున్నాను. తెల్లారేసరికి ఓ చేత్తో నువ్వుల నూనె గిన్నె, ఇంకో చేత్తో సున్నిపిండి పట్టుకుని కారు దగ్గర నిలబడ్డాను.

మావ కారు కిందకి దూరి ఏదో బోల్టు విప్పాడు. నల్లటి నూనె ధార కట్టింది. నాకు ఏడుపొచ్చేసింది.

"మావా, కారు పాడైపోనాదా?"

"కాదే అమ్మీ. పాడవకుండా ఇదే కాసింది. సెయ్యెట్టి సూడు."

చల్లారాక వేళ్ళ మధ్య రుద్దితే సన్నటి గరుకు తగిలింది.

"లోపల ఇనుమూ ఇనుమూ రాసుకోకుండా మజ్జిలో ఇదుంటాది. మురికంతా మింగుతాది. ఇంక మింగలేనప్పుడు మార్సకపోతే ఇంజను అరిగి పట్టేస్తాది."

తేనెలాంటి కొత్త నూనె పోసి, కారు స్టార్ట్ చేసి, నా అరచెయ్యి బానెట్ మీద పెట్టించాడు. లోపల అంత ఇనుము అంత వేగంగా తిరుగుతూ, ఒళ్ళో పిల్లిలా గుర్రుమంటోంది!

అప్పుడు మావ నా గిన్నెలో వేలు ముంచి, పసిపిల్ల మాడుకి పెట్టినట్టు, బానెట్ మీద ఓ చుక్క నూనె పెట్టాడు. నవ్వలేదు.

"ఈ నూని మరకేటి మేడమ్?" నా కారు బానెట్ తుడవబోతూ మెకానిక్ అడిగాడు.

"తుడవకు బాబూ. ఇవాళ దానికి తలంటు."