సప్పుడు లేని డబ్బా

వాట్లు, వాట్లు, వాట్లు. ఆ కరోనా యేడు నా చెవుల పడ్డంత వాట్ల ముచ్చట ఇంకెవ్వల చెవుల పడి ఉండదు. యాంప్లిఫయర్ కొంటనని నోరు తెరిచిన పాపానికి సూరత్ డిండోలిల మా గల్లీ మొగోళ్లంత ఇంజనీర్లయిండ్రు. ఎన్ని వాట్లని ఒకడు, వెయ్యికి తక్కువ తీసుకోవద్దని ఇంకొకడు. ఏం పాట, ఎవలు పాడుతరు, ఎంత అర్రల పెడుతవు అని ఒక్కడన్న అడిగితే ఒట్టు.

అడగకున్నా చెప్త. బతుకమ్మ పాటలు. పాడేది నేను. పెట్టేది పదడుగుల అర్రల. నేను పెండ్లయి సూరత్‌కు వచ్చినకాంచి పద్దెనిమిదేండ్లల్ల మా గల్లీ ఆడోళ్లం ఒక్క యేడు కూడ బతుకమ్మ ఆపలే. ఆ యేడు గుంపు కూడొద్దన్నరు. సరే, రోగమున్నది, కూడం. ఎవరింటి ముందటి గ్యాలరీల వాళ్లు నిలవడి, ఒక్కటే పాట పెట్టుకొని, ఒక్కటే తీరు సప్పట్లు కొట్టి ఆడుదామనుకున్నం. "దానికేమున్నది, ఫోన్ల డీజే పాటలున్నయ్ గద" అన్నరు కొందరు. నాకు మండింది. మా అమ్మమ్మ నోట్లకెళ్లి నేర్చుకున్న పాటలు నా కడుపుల ఉండంగ, ఎవడో డుబుక్కు డుబుక్కుమని కొట్టినదానికి నేనెందుకు ఎగరాలె? నేనే పాడి, రికాడ్ చేసి, అందరి ఫోన్లకు పంపుత అన్న. అన్నంక పంపాలె. పంపకపోతే ఆ యేడు మా గల్లీల బతుకమ్మకు డీజేనే మోగుతది.

పాడుడు నాకు కొత్త కాదు. ఇంట్ల కూసోని చీరలకు మెరుపు టిక్కీలు అతికిచ్చుడు నా పని. పిలిచినప్పుడు అడాజన్‌ల ఒక చిన్న స్టూడియోకు పోయి భజన పాటలకు కోరస్ పాడేదాన్ని. లాక్‌డౌన్‌ల ఆ స్టూడియో మూతపడ్డది. దాని ఓనర్ కాకా సామానంత అమ్ముకుంట ఒక మైకు, రెండు స్పీకర్లు నాకు అగ్గువకు ఇచ్చిండు. "ఇవి ప్యాసివ్ స్పీకర్లు బేటా. వీటికి సొంత బలం లేదు, బయట యాంప్లిఫయర్ కడితేనే పలుకుతయి. గందుకే ఎవ్వడు కొంటలేడు" అన్నడు. ఇంకో మాట గూడ అన్నడు. "ఇవి మొఖం మీద చెప్పే రకం. పాటల తప్పుంటే దాసవు. దీనికి కట్టే యాంప్లిఫయర్ నడుమల దూరి తన సొంత మాట కలపొద్దు. అది చూసుకో." మైకుల పాడింది స్పీకర్లల్ల ఇని తప్పులు దిద్దుకోవాలె గద, ఆ మాట కొంగుకు ముడేసుకున్న.

నా చేతిల ఐదు వేలున్నయ్. గా పైసలకు కొత్తది మంచిది రాదు, పాతదే ఎతకాలె. ఆ యేడు సూరత్‌ల పాత డీజే సామానుకు కరువు లేదు. పెండ్లిళ్లు లెవ్వు, గణపతి ఊరేగింపు లేదు, గర్బా లేదు. డీజేలోళ్లంత డబ్బాలు అమ్ముకుంటున్నరు. మా ఆయన పనిచేసే సాంచెల ఖాతా, కరెంటు మగ్గాల కార్ఖానా, గూడ బంద్ పడి ఉన్నది. సాంచెల మీద గుడ్డ నేసే మనిషి, ఇంట్ల ఉత్తగ కూసోని కూసోని పరేషాన్ అయితున్నడు. ఒకనాడు పొద్దున బమ్రోలికి పోయి, తెలిసిన డీజే ఆయన దగ్గర వెయ్యి వాట్ల యాంప్లిఫయర్ ఆటోల ఏసుకొని వచ్చిండు. నచ్చకపోతే వారంల వాపస్ అని మాట తీసుకున్నడట. దాన్ని ఇద్దరు పడితేగాని ఇంట్లకు తేలే.

"సూసినవా, సాంచె మోటర్ లెక్క ఉన్నది" అన్నడు మీసం దువ్వుకుంట.

తగిలిచ్చినం. ఇంక పాట పెట్టనే లేదు, స్పీకర్లకెళ్లి సన్నగ సుస్సుమని సప్పుడు. కుక్కర్ విజిల్ ఏసే ముందు వస్తది సూడు, గట్ల. ఆగుతనే లేదు.

"ఇది ఉస్సుమంటున్నదయ్యా" అన్న.

"ఏది?"

"గిదే. ఇను."

స్పీకర్‌కు చెవి ఆనిచ్చి ఇన్నడు. "ఏం లేదు. నీ చెవులే మోగుతున్నయ్" అన్నడు.

నాకు ఒళ్లు మండింది. నేను పాడిన పాటల మైకు ఉస్సుమన్నదా, లేకపోతే ఈ డబ్బానే ఉస్సుమంటున్నదా, ఎట్ల తెలవాలె? పొల్లు జల్లెడల ఉన్నదా, బియ్యంల ఉన్నదా తెల్వకుంట ఎట్ల జల్లిస్తరు? ఆయన ఇంటే గద. గల్లీలకు పోయి తన తోటోళ్లను ఐదుగురిని పిలుసుకొచ్చిండు. మాస్కులు గదమ కిందికి గుంజుకొని ఒక్కొక్కడే వంగి, ఒక చెవి మూసుకొని ఇంకో చెవి స్పీకర్‌కు పెట్టిండు. "ఏం లేదక్కా." "సల్లగున్నది వదినా." "జర గూడ సప్పుడు లేదు." ఐదుగురికి ఐదుగురు గదే మాట. పంచాయితి తీర్పు అయిపోయింది, పిచ్చిదాన్ని నేను.

ఊకుంటనా? గ్యాలరీలకు పోయి, నాతోని టిక్కీలు అతికిచ్చే ఎదురింటామెను కేకేసిన. ఎందుకో చెప్పలే. చేతికి అంటిన గోందుతోనే వచ్చింది. గడప దాటిందో లేదో ఆగి, "ఏందక్కా, గ్యాస్ లీకయితున్నదా?" అన్నది.

మొగోళ్లు ఒకల మొఖం ఒకలు సూసుకున్నరు. ఇంకో ఇద్దరు ఆడోళ్లను పిలిచిన. వాళ్లకూ ఇనవడ్డది. అప్పుడు నాకు సమజయింది. ఆ ఐదుగురు, మా ఆయన, అందరు సాంచెల మనుషులే. పన్నెండు గంటల పాళీ డ్యూటీ. ఖాతాల మాట్లాడితే పక్కోనికి ఇనరాదు, అందుకే అన్నిటికి చేతి సైగలు. దారం తెగితే ఒక సైగ, చాయ్‌కి పోదామంటే ఒక సైగ. సైగ లేని మాటకు పెదవులు సూసి తెలుసుకుంటరు. ఇంటికొచ్చినంక గూడ గల్లీ చివరిదాక ఇనవడేటట్టు మాట్లాడుతరు, టీవీ బొబ్బలు పెడుతది. సాంచెలోళ్ల గొంతు పెద్దగనే ఉంటదని మేం నవ్వుకునేటోళ్లం. సన్న సప్పుళ్లన్ని వాళ్ల చెవులల్లకెళ్లి ఎప్పుడో పోయినయని ఒక్కదానికి తోయలే. సప్పుడు లేని డబ్బా ఎంచుతందుకు సాంచెల మనుషులను కూసోబెట్టిన మా తెలివి సల్లగుండ!

అందరు పోయినంక మా ఆయన మంచం మీద కూసున్నడు.

"నిజంగనే వస్తున్నదా?" అన్నడు.

"వస్తున్నది."

"ఎట్ల వస్తున్నది?"

పండ్లు కలిపి సుస్సుమన్న. నా నోటి దిక్కే సూసిండు. "నీ పండ్లు కనవడుతున్నయ్, గంతే" అన్నడు.

 నాకు కోపమొచ్చింది. సాంచెలకు యాళ్లకు నూనె పోపిస్తరు శేఠ్‌లు. మనిషి చెవిల ఇంత దూది పెట్టుకొమ్మని ఇన్నేండ్లల్ల ఒక్కడన్న చెప్పిండా? గుడ్డ మంచిగ రావాలె, చెవి మన్నువడనీ!

"రేపు గీ దయ్యాన్ని వాపస్ ఇయ్యి. ఇగ డబ్బా నేనే సూసుకుంట" అన్న.

"మోసుడు నేను మోస్త. ఇనుడు నువ్వు ఇను" అన్నడు. మా సంసారంల గంత సక్కటి మాట ఆయన నోట్లకెళ్లి ఎన్నడు రాలే.

ఉధ్నా దిక్కు ఒక పాత సామాన్ల దుకాణముండె. నా స్పీకర్ ఒకటి పాత చీరల సుట్టుకొని పోయినం. దుకాణం ఆయన గుజరాతీ. పెద్ద పెద్ద డబ్బాలు సూపెట్టి, "బెన్, పాట పెడుతా, దుకాణం అదురుతది సూడు" అన్నడు.

"పాట పెట్టొద్దు. తీగ తగిలిచ్చి వాల్యూం మొత్తం తిప్పు."

"పాట ఇనకుంటనే కొంటవా?"

"పాట మా ఇంట్ల నేను పాడుకుంట. నీ డబ్బా నోరు మూసుకొని ఉంటదా లేదా, అది సూపెట్టు."

నాలుగు డబ్బాలు ఇన్న. ఒకటి గుయ్యిమన్నది, ఒకటి ఉస్సుమన్నది, ఒకదాని వాల్యూం తిప్పితే పల్లీలు ఏగినట్టు పటపటమన్నది. ఐదోది మూలకు దుమ్ము పట్టి ఉన్నది, ఇంట్ల పాటలు ఇనే పాతకాలం యాంప్లిఫయర్, నలభై వాట్లు. స్పీకర్‌కు చెవి ఆనిచ్చిన. ఏం లేదు. ఇంక గట్టిగ ఆనిచ్చిన. అప్పుడు ఎక్కడనో దూరంగ కొంచెం ఊపిరి లెక్క వచ్చింది. ఎడమ కుడి రెండు దిక్కులా ఒక్కతీరుగ నోరు మూసుకుంటున్నదా అని స్పీకర్ తీగ మార్చి మార్చి సూసిన. "నలభై వాట్లు ఏం సాలుతయి బెన్?" అని నవ్విండు. "నేను చెయ్యి సాపితే అందేంత దూరంల కూసోని ఇంట. నాకు ఊరేగింపు లేదు" అని నా ఐదు వేలల్లనే బేరం తెంపిన. మా ఆయన సంకల పెట్టుకొని నడిచిండు.

దాని మీద మోటు సప్పుడు పెంచే బేస్‌కు ఒకటి, సన్న సప్పుడు పెంచే ట్రెబుల్‌కు ఒకటి నాబ్‌లున్నయ్. రికాడింగ్ చేసేటోళ్లు ఆ రెండింటిని నడుమల పెట్టి ముట్టొద్దని ఫోన్ వీడియోలల్ల పెద్దమనుషులు చెప్పిండ్రు. నడుమకు తిప్పి, కదలకుంట వాటి మీద అంటుకునే టేపు ఏసిన. మాపటీలి ఫ్యాన్ బంద్ చేసి, చెమటలు కారుకుంట ఒక్కొక్క పాట పాడిన. సప్పట్లు కొట్టకుంట నాకు పాట రాదు, సప్పట్లు కొడితే గాజులు మోగుతయి. తీసేసి పాడుమన్నది ఎదురింటామె. బతుకమ్మ ఆడేటప్పుడు గాజులు తీస్తరా ఎక్కడనన్న? ఉండనీ అన్న. తప్పు దొర్లిన కాడ స్పీకర్లు మొఖం మీదనే చెప్పినయ్, మళ్ల పాడిన. పండుగకు రెండు దినాల ముందు పాటలన్ని అందరి ఫోన్లకు పోయినయ్.

ఆ సాయంత్రం మా గల్లీల ప్రతి గ్యాలరీల నా గొంతే ఉండె. ఎవరింట్ల వాళ్లమే, సప్పట్లు మాత్రం ఒక్కసారే పడ్డయ్. డీజే మోగలే.

తెల్లారి మా ఆయన స్పీకర్ల ముందు కూసున్నడు. వాటి దిక్కు కండ్లార్పకుంట సూసుకుంట నా పాట ఇంటున్నడు. వాటికి పెదవులు లేకపాయె, పాపం. నేను లేసి ట్రెబుల్ నాబ్ మీది టేపు గుంజిన. చివరిదాక తిప్పిన. నా చెవులు జివ్వుమన్నయ్. ఆయన సక్కగ లేసి కూసున్నడు.

"ఏమే, గీ గల్లుగల్లు ఏంది?"

"గాజులు."

నా చేతుల దిక్కు సూసిండు. "కొత్తయా?" అన్నడు.

పెండ్లినాటి నుంచి నా చేతికి గాజుల్లేని దినం లేదు. అదే చెప్పిన. నా చెయ్యి పట్టి చెవి దగ్గర పెట్టుకొని ఊపిండు. మళ్ల ఊపిండు. చెయ్యి ఇడిసి స్పీకర్ దిక్కు సూపెట్టి, "దాంట్లనే మంచిగ ఇనవడుతున్నది" అన్నడు.

ఖాతా తెరిచిననాడు ఆయన రెండు చెవులల్ల దూది నేనే కుక్కి పంపిన. తోటోళ్లు నవ్విండ్రట. సాంచె ఆగితే ఎట్ల ఇనవడుతదని శేఠ్ అడిగిండట. ఇన్నేండ్లు కండ్లతోనే నడిపిండు, ఇప్పుడూ కండ్లతోనే నడుపుతడని చెప్పుమన్న. ఇంట్ల ఆ నాబ్ మీద మళ్ల టేపు ఏసిన, చివరికి తిప్పిన కాడనే. వీడియోలల్ల పెద్దమనుషులు అది తప్పంటరు. అననీ.