పేరు పలకని సారు

సైకాలజీ చెప్పే రాజేశ్వర్ రావు సారు ఏ మనిషినీ పేరు పెట్టి పిలిచిన పాపాన పోలేదు. ఆయనకు లోకమంతా నంబర్లే. "పేరు బయటపడ్డదంటే మనిషి నిజం చెప్పడు. అందుకే పరిశోధనలల్ల పేర్లుండవు" అనేవాడు. సరే, పరిశోధనలో లేకపోతే లేకపాయె, ఇంట్లో కూడానా? భార్య సుగుణమ్మ ఒకటో నంబరు. "ఒకటంటే నేనొక్కదాన్నేనా, ఎనుక ఇంకా ఉన్నరా?" అని పెళ్లయిన కొత్తలోనే ఆమె నిలదీసిందట.

కూరగాయల భద్రమ్మకూ ఓ నంబరుంది. "నాదెంత సారూ?" అనడిగితే "నూట నాలుగు" అన్నాడు.

"మరి నూట మూడెవరు?"

"చెప్పరాదు."

"పక్కన టమాటల యాకమ్మనే గదా!"

"నేను చెప్పలే, నేను చెప్పలే" అంటూ సారు సంచీ అక్కడే మరిచి వెళ్లిపోయాడు.

డెబ్బై ఎనిమిదిలో హన్మకొండ కాలేజీలో ఆయన దగ్గర బి.ఏ. రెండో సంవత్సరం చదివేవాళ్లు యాభై ముగ్గురు. నెక్కొండ నుంచి రోజూ రైల్లో వచ్చే లిదియాకు ఇరవై ఏడు తగిలింది. "మేం పిల్లలమా, జైల్ల ఖైదీలమా?" అని రైల్లో కనిపించిన వాళ్లందరికీ చెప్పుకునేది. ఈయనకు గుండెకాయ ఉండే చోట లెక్కల పుస్తకం ఉందని ఆమె గట్టి నమ్మకం.

ఓ రోజు సారు అందరికీ ప్రశ్నల కాగితాలు పంచాడు. పరీక్షలో ఎప్పుడన్నా కాపీ కొట్టారా, ఎందుకు కొట్టారు? "పేరు రాయొద్దు, నంబరు చాలు. ఈ కాగితాలు నేను తప్ప ఎవరూ చూడరు" అన్నాడు. లిదియా తల గోక్కుని గోక్కుని చివరికి నిజమే రాసింది. అర్ధసంవత్సర పరీక్షలో నాలుగు మార్కుల ప్రామాణిక విచలనం లెక్క, అదే స్టాండర్డ్ డీవియేషన్, పక్కమ్మాయిది చూసి ఎక్కించింది. నాయన కాలు విరిగి దవాఖానలో ఉంటే చదవడానికి వీలు పడలేదని కారణమూ రాసింది. రాశాక ప్రాణం తేలికైంది.

ఆ తేలిక రెండు రోజులే. అటెండర్ ఉప్పలయ్య నీళ్ల కుండ దగ్గర చెప్పేశాడు. "ప్రిన్సిపాల్ సారు మీ సారు టేబుల్ మీది కాగితాలు చదివిండు. కాపీ కొట్టిన్నని ఒప్పుకున్నది ఇరవై ఏడొక్కటేనట. రేపు పొద్దుగాల రిజిస్టర్ల పేరు చూసి టీసీ చేతుల పెడ్తడట."

లిదియాకు అన్నం సయించలేదు. టీసీ ఇస్తే నెక్కొండలో నాట్లే గతి. సారు రిజిస్టరులో నంబరు పక్కన పేరుండనే ఉందాయె! నిజం రాయించి నిలువునా ముంచాడని సారును నోరారా తిట్టుకుంది.

మర్నాడు సారు క్లాసుకు వస్తూనే అందరికీ మడత చీటీలు పంచాడు. "పాత నంబర్లు రద్దు. ఇవి కొత్తయి. ఒకరిది ఒకరు చూసుకుంటే ఊకోను." లిదియా విప్పి చూసింది. మళ్లీ ఇరవై ఏడే! ఏడుపొక్కటే తక్కువ.

ఇంతలో ప్రిన్సిపాల్ వచ్చాడు. "ఇరవై ఏడో నంబరెవరు? లేవుండ్రి!"

లిదియా తల వంచుకుని లేచింది. తలెత్తి చూస్తే క్లాసంతా నిలబడి ఉంది.

"నువ్వెందుకు లేచినవ్?" పక్కమ్మాయి గుసగుసగా అడిగింది.

"నాది ఇరవై ఏడు."

"నాదీ గదే!"

ప్రిన్సిపాల్ ముఖం కందగడ్డయింది. "ఏందిది రాజేశ్వర్ రావు?"

"ఒకటి నుంచి యాభై మూడు దాక కూడి, యాభై మూడుతోని భాగించిన సార్. సగటు ఇరవై ఏడొచ్చింది. ఒకరికి పెద్ద నంబరు, ఒకరికి చిన్న నంబరు ఎందుకని అందరికి సగటే ఇచ్చిన."

"పాత రిజిస్టరేది?"

"నీళ్ల పొయ్యిల పోయింది సార్. ఒకటో నంబరు పొద్దుగాల నీళ్లు కాగవెట్టింది."

"ఒకటో నంబరెవరు?"

"చెప్పరాదు సార్."

క్లాసు ఘొల్లుమంది. యాభై మూడు టీసీలు రాసే ఓపిక లేక ప్రిన్సిపాల్ గొణుక్కుంటూ వెళ్లిపోయాడు.

సాయంత్రం లిదియా స్టాఫ్ రూముకు వెళ్లింది. "సార్, అది నేనే..."

"ఏదమ్మా? నాకేం తెల్వదు" అంటూ సారు గుమ్మం వైపు చూశాడు. ఎవరూ లేరు. "మీ నాయన నడుస్తాండా?" అని మెల్లగా అడిగాడు.

"కట్టె పట్టుకొని నడుస్తాండు సార్." లిదియాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇన్నాళ్లూ ఈయన్నా తను తిట్టుకున్నది!

సారు మాత్రం ఆ కళ్ల వంక చూడలేదు. తెల్లకాగితం, పెన్సిల్ ముందుకు జరిపాడు. "కూచో. ఆ ప్రామాణిక విచలనం లెక్క ఇప్పుడు చెయ్యి."

"ఇప్పుడా సార్? నెక్కొండ బండి..."

"చెయ్యి బిడ్డా."

రెండుసార్లు తప్పింది. మూడోసారి సరిగ్గా వచ్చింది. సారు ఎర్ర పెన్సిలుతో టిక్కు కొట్టి కాగితం ఆమె చేతికిచ్చాడు.

"అప్పటి నాలుగు మార్కులు దొంగయి. ఇగ అవి నీయే. ఉరుకు, బండి అందుకో."