ఈకలు రాల్చిన పురుగు

మొన్న పళ్ల డాక్టరు దగ్గర నా వంతు కోసం కూర్చున్నప్పుడు, గోడవార చేపల తొట్టిలో ఒక ప్లాస్టిక్ పువ్వు నీటి కదలికకు ఊగుతూ కనిపించింది. రెండుసార్లు పిలిచినా నాకు వినబడలేదట.

తొంభైలలో, ఏడాది నిండని కూతుర్ని చెల్లెలి చేతిలో పెట్టి, కడప నుంచి ఖతార్‌కు ఇంటిపనికి వెళ్లినదాన్ని. అల్ రయ్యాన్‌లోని ఆ ఇంటి హాల్లో ఉప్పునీటి తొట్టి ఉండేది. అందులో చేపలకంటే నాకు నచ్చింది ఈకల పురుగు. తోలులాంటి గొట్టంలో ఉండి పైన విసనకర్రలా ఈకలు విప్పేది, నా నీడ పడితే చటుక్కున లోపలికి లాక్కునేది. దుకాణం మనిషి దాన్ని రెండు రాళ్ల సందున, పంపు నీళ్లు నేరుగా తగలని మూలన, గొట్టం సగం ఇసుకలో దిగేలా నాటి, మేత పొడి నీళ్లలో కలిపి మెల్లగా ఎలా వదలాలో చూపించి, చచ్చినదేదైనా వెంటనే తీసెయ్యకపోతే నీళ్లన్నీ చెడతాయని చెప్పి, ఒక కాగితం ఇచ్చి పోయాడు. నాకప్పటికి చదువు రాదు. కాగితాన్ని అలమారలో పెట్టేశాను.

మూడో వేసవిలో ఇంటివాళ్లు రెండు నెలలు చల్లటి దేశానికి వెళ్తూ, తిరిగొచ్చేసరికి తొట్టిలో అన్నీ ప్రాణంతో ఉంటే నన్ను సెలవుపై ఊరికి పంపుతామన్నారు. బయట ఎండ మండిపోతుంటే, ఆ మూలన పురుగుకు ఉక్కపోస్తుందేమోనని జాలిపడి, బిడ్డను ఫ్యాను కింద పడుకోబెట్టినట్టు, గొట్టాన్ని పెకలించి పంపుకు ఎదురుగా పెట్టాను. నాలుగోనాడు ఈకల గుత్తి మొత్తం ఊడి ఇసుక మీద పడి ఉంది. గొట్టంలో కదలిక లేదు. తీసి చెత్తలో వేశాను, బండి వచ్చి ఎత్తుకుపోయింది.

సాయంత్రం ఇంటి డ్రైవరు, గోదావరి వైపు తమ్ముడు, టీకి వస్తే కాగితం చదివించాను.

"అక్కా, ఈకలు రాలితే పారెయ్యకూడదంటండి. లోపల బతికే ఉంటదంట, మళ్లీ మొలుస్తాయంట. ఎక్కడెట్టేరు?"

"పారేసినా."

"ఓరి దేవుడో! నన్నో మాట అడక్కపోయేరా? పొద్దుట్నుంచీ గేటు దగ్గరే ఉన్నాను గదండీ!"

"నువ్వు మాత్రం పెద్ద డాక్టరువా లేబ్బా, టీ తాగు."

ఏడుపు రాలేదు. అతని కప్పు కడిగి బోర్లించాను.

ఇంటి యజమానురాలిని మామా అనేవాళ్లం, వాళ్ల అరబ్బీలో అమ్మా అన్నట్టు. వచ్చిన రోజు ఆవిడ తొట్టి ముందు నిలబడి "వేన్?" అంది, ఎక్కడని. చెప్పాను. కోప్పడలేదు. నా సెలవు సంగతి ఆ డ్రైవరు ఎత్తితే మాత్రం "బాదేన్" అంది, తర్వాత చూద్దామని. ఆ తర్వాత అనేది ఏడాదిన్నరకు వచ్చింది.

మా పల్లెల్లో అరబ్బు దేశం ఏదైనా కువైట్ అనే అంటారు. నేను దిగేసరికి నా కూతురు చెల్లెల్ని అమ్మా అని, నన్ను కువైటమ్మా అని పిలుస్తోంది. పిలిపించుకున్నాను.

ఈ మధ్యే నాలుగు అక్షరాలు నేర్చుకుని ఇది రాస్తున్నాను. ఇప్పుడు అక్కడికి వెళ్లిన ఆడపిల్లలు ఫోనులో బిడ్డ ముఖం చూసుకుంటూ వంట చేస్తున్నారు, మంచిదే. మా కాలంలో ఒక ఫొటో చేరడానికే నెలలు పట్టేది, చేరేసరికి బిడ్డ అంతకంటే పెద్దదయ్యేది. నా కూతురు ఇప్పుడు నన్ను అమ్మా అనే పిలుస్తుంది. ఒంట్లో బాగాలేకపోతే మొదటి ఫోను చెల్లెలికి చేస్తుంది. చెల్లెలు నాకు చెబుతుంది, నేను వెళ్లి వండిపెట్టి వస్తాను.