అద్దంలో నేర్చుకున్న కుట్టు

నలుగురిలో నోరు విప్పలేని నేను ఆ నలుగురి ముందే ఎలా నవ్వులపాలయ్యానో చెబుతాను. డైరీలో ఆ పేజీ చింపేద్దామనుకున్నాను. కానీ దాని వెనక ఒక మంచి పుస్తకం గురించి రాసుకుని ఉన్నాను. అందుకే బతికిపోయింది.

తొంభైల మాట. ఖమ్మంలో నేను జూనియర్ డాక్టరుగా పనిచేసే దవాఖానాలో మా సర్జన్ సార్ పొట్టకు చిన్న రంధ్రాలు పెట్టి చేసే ఆపరేషన్లు కొత్తగా మొదలుపెట్టారు. జీర్ణాశయం పైభాగాన్ని అన్నవాహిక చుట్టూ కండువాలా చుట్టి కుడితే పుల్లనీళ్లు గొంతులోకి రావు. కెమెరా లోపల, చేతులు బయట, కళ్లు టీవీ మీద. "ఈసారి ఆఖరి కుట్టు నువ్వెయ్యాలె," అన్నారు సార్ నాతో.

పేషెంటు పినపాక వైపు ముత్తయ్య. వంగితే చాలు, నోట్లోకి పులుపు. అడవిలో బీడీల తునికాకు కోసే మనిషి వంగకుండా ఎలా బతుకుతాడు?

"ఆపరేషన్ కాడ లోపల నువ్వు గూడ ఉంటవా బిడ్డా?" అని అడిగాడు.

"ఉంటా పెద్దయ్యా."

"అయితే నాకు భయం లేదు."

నన్ను చూసి ధైర్యం తెచ్చుకున్న మొదటి మనిషి ఆయనే.

నెల రోజులు ఇంట్లో సాధన చేశాను. చెప్పుల డబ్బాకు రంధ్రాలు పొడిచాను. టీవీ లేదు కనుక డబ్బా లోపల వెనక గోడకు నాన్న గడ్డం గీసుకునే అద్దం అతికించి, అందులో చూస్తూ కాకరకాయకు పాత జాకెట్టు చెయ్యి చుట్టి కుట్టాను.

"కాకరకాయకు జాకెట్టేందే, దాని పెండ్లా?" అంది అమ్మ.

ఆపరేషన్ రోజు థియేటర్లో సూది పట్టాను.

"ముందుకు తొయ్యమ్మా."

"తోస్తున్న సార్."

"టీవీల చూడు. వెనకకొస్తుంది."

అద్దంలో దూరం దగ్గరవుతుంది, దగ్గర దూరమవుతుంది. నా చేతులు అదే నేర్చుకున్నాయి. సూది కాలేయం మీదికి పోబోతుంటే సార్ నా చెయ్యి పట్టి ఆపారు.

"గిట్ల యాడ నేర్చినవ్?"

"అద్దంల సార్."

మాస్క్ వెనక నవ్వు ఆపుకోలేక నర్సమ్మ భుజాలు ఊగాయి. కుట్టు సారే వేశారు. తర్వాత చేతులు కడుక్కుంటూ మెల్లగా అన్నారు: "నా మొదటి పేషెంటుకు బిర్రుగ చుట్టిన. మంచినీళ్లు గూడ దిగలే. మళ్ల విప్పిన. నీ తప్పు ముందే దొరికింది."

ఇంటికి వెళ్లే రోజు ముత్తయ్య వరండాలో చెప్పుల కోసం వంగి, కాసేపు అలాగే ఉండిపోయాడు. పులుపేమీ పైకి రాలేదు.

"నువ్వే కుట్టినవా బిడ్డా?"

అవునంటే ఎవరికీ తెలియదు.

"లేదు పెద్దయ్యా. నేను కుడితే ఆగమయ్యేది. సార్ ఆపిండు."

ఆయన చెప్పులు తొడుక్కున్నాడు. "ఆపితే ఆగినవ్ గద. సాలు."

నెల రోజులుగా అద్దం లేక గడ్డం మీద గాట్లతో తిరుగుతున్న నాన్నకు ఆ సాయంత్రమే అద్దం అప్పగించి ప్రతిజ్ఞ చేశాను: ఈ జన్మలో అద్దంలో చూస్తూ ఏ పనీ చెయ్యను. నా పాపిట వంకరగా కనిపిస్తే, మాట నిలబెట్టుకుంటున్నానని గ్రహించగలరు.