కుర్చీలో పాసైన మోకాలు

గజపతినగరం దగ్గర రైల్వే గేటు పడి బస్సు ఆగిపోయింది. నేను కిటికీ పక్కన ఇరుక్కున్నాను. పక్క సీట్లో ఒక పెద్దావిడ కుడికాలు అడ్డంగా చాపుకుని కూర్చుంది. గాలికి కిందికి దిగుదామన్నా దారి లేదు.

"ఆపరేషన్ చేయించుకుని మోకాలు మార్పించుకున్నారా అమ్మా?" అన్నాను. నా పరిశోధన దాని మీదేననీ, నడక, మెట్లెక్కడం, కుర్చీలోంచి లేవడం కెమెరాలతో కొలుస్తామనీ గొప్పగా చెప్పాను.

"అవన్నీ సేస్తన్నాను బాబూ," అంటూ నా చెయ్యి తీసి తన మోకాలి మీద పెట్టుకుని, పాదాన్ని వెనక్కి లాగింది. మోకాలు కొంత వంగి ఆగిపోయింది.

"ఇక్కడికే. ఇంట్లో అందరూ కింద కూకొని తింతారు. నానొక్కదాన్నే కుర్సీలో. నా ఇంట్లో నానే సుట్టాన్నైపోనాను. కింద కూకోడం కొలిసినారేటి?"

కొలవలేదు. మా ల్యాబులో ఉన్నవి కుర్చీలే. మా లెక్క ప్రకారం ఆవిడ మోకాలు పాసైనట్టే.

ఆవిడ కాలు మళ్లీ చాపుకుంది. గేటు తెరిచేదాకా నేను కిటికీలోంచి బయటికే చూశాను.

ఇప్పుడు మా ల్యాబులో ఒక చాప ఉంది. మోకాలు మార్పించుకున్నవాళ్లలో దాని మీద కూర్చోగలిగినవాళ్లు ఇంతవరకూ ఒక్కరూ లేరు.