ఎన్నో సాలు

కాస్త దగ్గరగా జరగండి, నా ఈడువాళ్లందరూ. గొంతు పెంచి చెప్పగలిగే సంగతి కాదిది. మొన్న నిజామాబాదులో డిగ్రీ చదివే మా మనవరాలు లెక్కల పరీక్షకని పుస్తకం ముందేసుకుని సదిశాంతరాళం, ఆధారం అని వల్లిస్తుంటే, పప్పు ఏరుతున్న నేను ఆధారమంటే ఏమిటని అడిగాను.

“ఏందవ్వా, నువ్వు గూడ పరీక్ష రాస్తవా?” అని నవ్వి, చేటలోని పప్పు మీద వేలితో రెండు గీతలు గీసింది. “ఒక జాగల ఏ చోటైనా చెప్పెటందుకు కావల్సిన దిక్కులే ఆధారం. ఒకటి తక్కువైతే చెప్పరాదు, ఒకటి ఎక్కువైతే దండుగ. ఎన్నుంటే గదే దాని పరిమాణం. ఈ చేటకు రెండు. ఒక్క దిక్కునే అటుకెళ్లి ఇటుకెళ్లి లెక్కపెడితే రెండు కావవ్వా, ఒక్కటే.”

నా చేయి పప్పులోనే ఆగిపోయింది.

బోధన్ పక్కన మా చెరకు తోట మనిషిని మించి పెరిగేది. లోపలున్నవాళ్ల జాడ చెప్పాలంటే గట్టు నుంచి ఎన్నో సాలు, అంటే ఎన్నో చెరకు వరుస, ఆ సాలులో ఎన్ని అడుగులు అని రెండూ చెప్పడం మా దగ్గర అలవాటు. నాకు తొమ్మిదేళ్లప్పుడు ఒకనాడు, చక్కెర ఫ్యాక్టరీ పొగగొట్టం వైపు నుంచి సాలు వెంట నూట ఇరవై అడుగులు లెక్కపెట్టుకుంటూ మా నాన్నకు, బాపు అనేదాన్ని, సద్ది తీసుకుపోయాను. ఎండాకు తీస్తున్న బాపు కాలిని నా కళ్లముందే పాము కరిచింది. చిన్నాయనను పిలుచుకు రమ్మంటే, అదే సాలు వెంట కాలువ వైపుకు ఎనభై అడుగులు లెక్కపెడుతూ ఉరికాను. మనుషులను వెంటబెట్టుకొచ్చేసరికి గట్టు మీద నుంచి సాళ్లన్నీ ఒక్కలాగే కనిపించాయి. అటు నుంచి నూట ఇరవై, ఇటు నుంచి ఎనభై అని, రెండు లెక్కలున్నాయి కదా అన్న ధైర్యంతో చెప్పాను.

“రెండూ ఒక్క సాలు పొడుగే గదనే బిడ్డా! ఎన్నో సాలు? గది చెప్పు!” అన్నాడు చిన్నాయన.

సాళ్లు నేను లెక్కపెట్టుకోనేలేదు. తలా ఒక సాలులో దూరి, పేరుపెట్టి పిలుస్తూ వెతికారు. దొరికేసరికి బాపు పలకలేదు. ఎవ్వరూ నన్ను ఒక్క మాట అనలేదు. అమ్మ నా కాళ్ల బురద కడిగి, చెరకాకు కోసిన గీతలకు పసుపు పెట్టింది, అదే నేను ఇప్పటికీ ఓర్చుకోలేను.

ఇప్పుడు ఆ పొగగొట్టానికి పొగ లేదు, మా తోటంతా వరి మడులయ్యాయి. మడిలో వంగిన మనిషి రోడ్డు మీదికే కనిపిస్తాడు, కనిపించకున్నా ఎక్కడున్నాడో ఫోను చూపిస్తుంది, సాళ్లు లెక్కపెట్టే పిల్లలూ లేరు. మనవరాలికి నేనేమీ చెప్పలేదు, దాని పరీక్ష దానికి తేలిగ్గానే ఉండనీ అనుకున్నాను. నా తప్పేమిటో పుస్తకంలో రాసే ఉందట. రాసినవాళ్లకు మా బాపు తెలియడు.

పొద్దున్నే మీ గడప దాటినవాళ్లు పిలిస్తే పలికేంత దూరంలోనే ఉండాలి, మీ ఇల్లు చల్లగుండాలి.